బంగ్లాల రోడ్డు కాకా

ఆయన పోయాడన్న సంగతి నాకు కాఫీ షాపులో తెలిసింది.

మచిలీపట్నంలో మా అమ్మ తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే రెండు నెలలు అక్కడే ఉండిపోయాను. గోదావరిఖని తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం ఎప్పట్లాగే బూట్లు వేసుకుని బంగ్లాల రోడ్డు మొదట్లో నిలబడ్డాను. పది నిమిషాలు చూశాను. ఆయన రాలేదు. ఫోన్ చేసి లాభం లేదు. ఆయన జేబులో బటన్ల ఫోన్ ఒకటి ఉండేది గానీ, అది మోగినప్పుడు ఎత్తగా నేనెన్నడూ చూడలేదు. సరేలెమ్మని ఒక్కదాన్నే నడుచుకుంటూ వెళ్ళి శ్రావణి కాఫీ షాపులోకి తొంగి చూశాను. కౌంటరు వెనక ఉన్న ఆ అమ్మాయి నా మొహం చూడగానే చేతిలోని పాలగిన్నె కింద పెట్టేసింది.

"ఆంటీ, మీకు తెల్వదా? తాత పోయిండు. నెల దాటింది. మధ్యాహ్నం అన్నం తిని పండుకున్నడంట. మళ్ళ లేవలేదంట."

కాసేపు కూర్చుని, కాఫీ కూడా తాగకుండా బయటికి వచ్చి, రోడ్డు చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాను. అడుగడుక్కీ ఆయన గుర్తొస్తుంటే ఇంకేం చేయను?

ఆయన పేరు రాయడం లేదు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఈ రోడ్డు మీద ఎవరూ లేరు. నాలాంటివాళ్ళకు కాకా, కాలేజీ పిల్లలకు తాత.

బంగ్లాల రోడ్డు అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. కిలోమీటరు పొడవు కూడా ఉండదు. బొగ్గు గనులు తవ్వడం మొదలైన రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు, కలప వ్యాపారులు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు వరసగా కట్టుకున్న ఇళ్ళు. గుండ్రటి వరండాలు, రంగు అద్దాల కిటికీలు, గేటు స్తంభాల మీద సిమెంటు సింహాలు. మా ఊరి వయసే అంత కాబట్టి మాకు చరిత్ర అన్నా, కోట అన్నా ఇదే. ఇప్పుడు ఆ ఇళ్ళలో ఒకదాంట్లో పళ్ళ డాక్టరున్నాడు, ఒకదాంట్లో పెళ్ళి ఫోటోల స్టూడియో, నాలుగింట్లో కాఫీ షాపులు. ఇంగ్లీషు పేర్ల బోర్డులు, తాళ్ళకు వేలాడే పసుపు బల్బులు, గోడల మీద సైకిలు బొమ్మలు. నిద్రగన్నేరు చెట్ల ఆకుల మీద మాత్రం ఎప్పటి బొగ్గు దుమ్మే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కాఫీ కప్పులు సాసర్లలో గలగలమంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. ఊరివాళ్ళు గడియారం సరిచూసుకుంటారు.

నాకు షుగర్ వచ్చిందని డాక్టరు నడవమన్న మొదటి వారంలోనే ఆయన కనిపించాడు. పొడుగ్గా, కొద్దిగా ముందుకు వంగి, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కాన్వాస్ బూట్లతో నడుస్తున్నాడు. చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర. నాలుగడుగులకోసారి ఆగి ఎవరి ప్రహరీ గోడనో కర్రతో ఠక్కున కొట్టి, అలాగే ఓ క్షణం నిలబడి, తల ఊపి ముందుకు సాగుతున్నాడు. మూడో గోడ దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం వెతుకుతున్నారండీ?"

పాతికేళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు నాది. మెల్లగా మాట్లాడటం ఎప్పుడో మర్చిపోయాను. ఆయన వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి నవ్వాడు.

"టీచరమ్మవా?"

"ఎలా తెలిసింది?"

"గొంతే చెప్పవట్టె. మంచిగ పలుకుతున్నది."

ఆ 'పలకడం' ఆయన మాట. గనిలో, ఇక్కడివాళ్ళ మాటలో బాయిలో, ఆయన టింబర్‌మ్యాన్. అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ పెట్టేముందు కప్పును కడ్డీతో కొట్టి చూడాలి. రాయి గట్టిగా ఉంటే పలుకుతుంది, వదులైతే పలకదు. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన మనిషికి, రిటైరయ్యాక లోకమంతా ఆ రెండు రకాలుగానే కనిపించేది. సంతలో పుచ్చకాయను పొన్నుతో తట్టి, "పలుకుతున్నది, తీస్కో బిడ్డా" అనేవాడు. ఆయన ఎంచిన కాయ ఒక్కటీ చప్పగా లేదు. తన మోకాళ్ళు పలకడం లేదనేవాడు. టీవీలో నాయకులెవరైనా ప్రసంగిస్తుంటే రెండు నిమిషాలు చూసి, "ఊహూఁ, డొల్ల" అని లేచిపోయేవాడు.

ఎక్కడికి వెళ్ళినా ముందు పైకి చూసేవాడు, తర్వాతే ఎదురుగా. సన్‌షేడ్ల కింద నడిచేవాడు కాదు. రోడ్డు మధ్యలో నడిచేవాడు. వెనక నుంచి మోటారు సైకిళ్ళు హారన్ కొట్టీ కొట్టీ విసుక్కున్నా పక్కకు జరిగేవాడు కాదు. నేనే రెక్క పట్టుకుని లాగేదాన్ని. "ఎంత మొండి మనిషండీ మీరు!" అంటే నవ్వేవాడు.

ఒక్కో బంగ్లాకీ ఆయన సొంత పేర్లున్నాయి. పళ్ళ డాక్టరు ఉన్నది సీతాఫలాల బంగ్లా. పెళ్ళి ఫోటోలవాళ్ళది కుక్క బంగ్లా. ఆ కుక్క పోయి నలభై ఏళ్ళయినా సరే, గేటు దాటేటప్పుడు కొంచెం దూరం జరిగేవాడు. ఇక శ్రావణి కాఫీ షాపు పెట్టినదాన్ని మాత్రం "మా బంగ్లా" అనేవాడు. గనిలో పని దొరక్కముందు, మీసాలు కూడా సరిగా రాని వయసులో, ఆ ఇల్లు కడుతుంటే ఆయన కూలిపనికి వచ్చాడట. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, సున్నం వేసి, ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టిన కప్పు అది.

"సున్నంల బెల్లం నీళ్ళు పోద్దుము. నేను నీళ్ళు మోసేటోన్ని. దూప అయినప్పుడు సగం నీళ్ళు నా కడుపులకే పోయేటియి" అని ఆ గేటు ముందు ప్రతిసారీ చెప్పేవాడు. నేను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేదాన్ని.

శ్రావణి బసంత్‌నగర్ అమ్మాయి. హైదరాబాదులో పెద్ద హోటల్లో పనిచేసి వచ్చి, ఆ బంగ్లా అద్దెకు తీసుకుని, గోడలకు తెల్లరంగు కొట్టించి, దూలాలకు నూనె రాయించి షాపు తెరిచింది. మొదటిసారి కాకాను లోపలికి తీసుకువెళ్ళింది నేనే. నురుగు మీద హృదయం బొమ్మ వేసి ఇచ్చిన కాఫీని ఆయన చాలాసేపు చూశాడు.

"గీ బొమ్మ తాగాల్నా, తీసెయ్యాల్నా బిడ్డా?"

"తాగాలె తాతా" అంది శ్రావణి నవ్వుతూ.

బొమ్మ చెదరకుండా కప్పు అంచు నుంచి తాగడానికి ప్రయత్నించి మూతికంతా నురుగు చేసుకున్నాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లయినా వెళ్ళేవాళ్ళం.

పోయినేడు వానాకాలంలో జరిగింది ఇది. నాలుగు రోజులుగా ముసురు. ఆ సాయంత్రం తెరిపిస్తే నడకకు వెళ్ళి, కాఫీ షాపులో కూర్చున్నాం. కాకా కాఫీ ముట్టుకోలేదు. కిటికీ పక్క మూల వైపు, పైకి, చూస్తూ ఉన్నాడు. అక్కడున్నది ఆ షాపులో అందరికీ ఇష్టమైన బల్ల. రంగు అద్దాల వెలుగు మొహం మీద పడుతుందని పిల్లలు ఫోటోల కోసం దానికి పోటీ పడేవాళ్ళు. ఆ రోజు నలుగురు కాలేజీ పిల్లలున్నారు.

కాకా లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"బిడ్డా, బూజు కర్ర ఉన్నదా?"

శ్రావణికి అర్థం కాలేదు. వెనక గదిలోంచి పొడుగాటి వెదురు కర్ర తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని తిరగేసి, షాపు మధ్యలో నిలబడి, పైకప్పును కొట్టాడు. ఠంగున మోగింది. రెండడుగులు వేసి మళ్ళీ కొట్టాడు. కబుర్లన్నీ ఆగిపోయాయి. కిటికీ మూలకు వెళ్ళి ఆ పిల్లల తలల మీదుగా కొట్టాడు. దబ్బుమని, మెత్తటి బస్తాను కొట్టినట్టు చప్పుడొచ్చింది. సున్నప్పొడి కొంచెం వాళ్ళ కేకు మీద రాలింది.

"లేవున్రి బిడ్డా. జల్ది లేవున్రి. గీడ కూసోవద్దు."

పిల్లలు పకపకా నవ్వారు. ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. శ్రావణి పరుగున వచ్చింది. ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది.

"తాతా, ఏంది ఇది? రంగులేసినప్పుడు మేస్త్రీ అంతా చూసిండు. మంచిగనే ఉందన్నడు. గిరాకీని భయపెట్టకు తాతా, నీకు దండం పెడ్త."

"మేస్త్రీ కంటితోని చూసిండు బిడ్డా. కొట్టి చూడలే. ఇది పలుకుతలేదు."

అందరూ మావైపే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాగుతూ, నా క్లాసు గొంతుతోనే అనేశాను: "కాకా, ఊరుకోండి. ఇది బాయి కాదు."

ఆయన నా మొహం వంక చూశాడు. బూజు కర్రను గోడకు జాగ్రత్తగా ఆనించి నాతో వచ్చేశాడు. ఆ సాయంత్రం ఒక్క గోడనూ తట్టలేదు, ఒక్క బంగ్లా గురించీ చెప్పలేదు.

మర్నాడు రోడ్డు మొదట్లో ఆయన లేడు. అలిగాడనుకున్నాను. నడుస్తూ కాఫీ షాపు దాటబోతుంటే కిటికీ రంగు అద్దాల వెనక ఆ పొడుగు చేతుల చొక్కా కనిపించింది. లోపలికి వెళ్ళాను. సరిగ్గా ఆ మూల బల్ల దగ్గర, ఒక్కడే, చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున షాపు తెరిచినప్పటి సంది ఈడనే ఉన్నడు" అని శ్రావణి నా చెవిలో గొణిగింది. "పోయి అన్నం తిను తాతా అంటే, ఆకలి లేదంటడు. ఇంకో టేబుల్‌కు పొమ్మంటే ఇదే మంచిగున్నదంటడు. పంతమా ఆంటీ?"

నేను ఎదురుగా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఆడ కూసో టీచరమ్మా. అవుతలి బల్ల కాడ."

అప్పుడు నాకు అర్థమైంది. వేరేవాళ్ళెవరూ అక్కడ కూర్చోకుండా తాను కూర్చున్నాడు.

"కాకా, మీ మీద పడితేనో?"

"నేను సప్పుడు వింట. బండ పడెటప్పుడు ముందుగాల చిన్నగ చిటపటమంటది. విన్నోడు లేస్తడు. గా పోరగాండ్ల చెవులల్ల వైర్లుంటయి. వాండ్లకేం వినవడ్తది?"

"లేచి రండి కాకా, మీకు దండం పెడతాను."

తల అడ్డంగా ఊపాడు.

అలా పదకొండు రోజులు. షాపు తెరిచే వేళకు వచ్చేవాడు, చీకటి పడి పిల్లలంతా వెళ్ళాక లేచేవాడు. కాలేజీ పిల్లవాడు పెట్టిన వీడియో ఊరంతా తిరిగింది. పిచ్చి తాత అని పేరొచ్చింది. కొందరు ఆయన్ని చూడటానికే వచ్చేవాళ్ళు. ఆయనకు అదేమీ పట్టలేదు.

పదకొండో రోజున, వాన కురుస్తుండగా, ఆయన చెప్పాడు. నేను పక్క బల్ల దగ్గర ఉన్నాను. షాపులో ఇంకెవరూ లేరు.

"మా అక్క మొగడు నాతోని ఒక్కటే షిఫ్టుల ఉండె. బాయిల అన్నం తినే యాళ్లకు ఎప్పుడు ఒక్క జాగలనే కూసునేటోడు. ఆ దినం నేను కప్పు కొట్టి చూసిన. పలకలే. బావా, గీడ వద్దు, ఇవుతలికి రా అన్న. తిన్నంక లేస్తతీయ్ రా, అన్నడు. బావ పెద్దోడు. రెండోసారి చెప్తె కోపమొస్తదని ఊకున్న. దుంగ తెద్దామని అటు పోయిన. ఇటు మల్లిన."

అంతే చెప్పాడు. తర్వాత చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగి, "శక్కెర ఎక్కువైంది" అన్నాడు.

నేను లేచి తిన్నగా శ్రావణి దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్లను వెనక గదిలోకి తీసుకెళ్ళి, విన్నదంతా చెప్పాను. శ్రావణి గోడకు ఆనుకుంది.

"కప్పు తెరిస్తే షాపు మూయాలె ఆంటీ. ఇప్పుడిప్పుడే నడుస్తున్నది. మళ్ళ తెరుస్తనో లేదో అని భయం. అందుకే అన్న తాతను" అంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "రేపు సోమవారం. సెలవు పెడ్త. మేస్త్రీని పిలుస్త" అంది.

మర్నాడు పాత ఇళ్ళ పని తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన వచ్చాడు. మమ్మల్నందర్నీ వరండాలో నిలబెట్టి, మిద్దె మీదకెక్కి ఆ మూలన గడ్డపారతో మెల్లగా కదిపాడు. రెండో పోటుకు చిన్నగా చిటపటమంది. మూడోదానికి మంచమంత ముక్క, ఇటుకలతో సహా, విరిగిపడింది. దుమ్ము అణిగాక చూస్తే కిటికీ పక్క బల్ల రెండు ముక్కలై ఉంది. గోడలోకి దూరిన దూలం కొస చెదలు తిని పిండిలా రాలుతోంది. వాన నీళ్ళు ఎన్నేళ్ళుగానో అక్కడే ఇంకుతున్నాయన్నాడు మేస్త్రీ.

శ్రావణి చేతులతో మొహం కప్పుకుంది. నేను కాకా వైపు చూడలేకపోయాను. 'నే చెప్పలేదా' అంటాడనుకున్నాను. ఆయన దిగులుగా ఒక ఇటుక ముక్కను చేతిలోకి తీసుకుని, దానికి అంటుకున్న సున్నాన్ని గోటితో గీకి చూశాడు.

"సున్నం మంచిగనే ఉన్నది గదా మేస్త్రీ? మా పని తప్పు లేదు గదా?"

"ఏం లేదు కాకా. సున్నం రాయి లెక్క ఉన్నది. కట్టెనే పోయింది" అన్నాడు మేస్త్రీ.

అప్పుడు ఆయన మొహం తేటపడింది.

మిగిలిన దూలాలకు ఊతం పెట్టాల్సి వస్తే కూలీలను పక్కకు తప్పించి తనే చేశాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, దుంగను నిలబెట్టించి, కింద చెక్క సీల పెట్టి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, చెవి కాదు, అరచెయ్యి దానికి ఆనించి కాసేపు నిలబడ్డాడు. అప్పుడు ఆ చెయ్యి సంగతి నేను పట్టించుకోలేదు. పొడుగు చేతుల చొక్కాను మోచేతులదాకా మడవటం మాత్రం అదే మొదటిసారి చూశాను. రెండు చేతుల మీదా నీలం గీతల్లా బొగ్గు మచ్చలు. నెల తర్వాత షాపు తెరిచినప్పుడు మొదటి కాఫీ శ్రావణి ఆయనకే ఇచ్చింది. వీడియో తీసిన పిల్లవాడు వచ్చి తల గోక్కుంటూ నిలబడితే, "కాలేజి మంచిగ సదువుతున్నవా?" అని అడిగి వాడి నెత్తిన పొన్నుతో చిన్నగా తట్టి, "పలుకుతున్నది తీయ్" అన్నాడు. ఆ నవ్వులు వరండా దాకా వినిపించాయి.

ఇంతటి మనిషి పోతే నేను ఊళ్ళో లేను.

ఆయన పోయాడని తెలిసిన మర్నాడు ఉదయం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. కాలనీ వెనక రెండు గదుల ఇల్లు. ఆయన భార్య అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ఆమెను నేను చూడటం అదే మొదలు. గేటు దగ్గర నిలబడి "అవ్వా" అని పిలిచాను. నేనెవరో చెప్పకముందే, "నువ్వు టీచరమ్మవు గదా" అంది.

"ఎలా గుర్తుపట్టావవ్వా?"

"గేటు కాడి నుంచే నీ గొంతు వినవడె. ఆయన చెప్పేటోడు. టీచరమ్మ గట్టిగ మాట్లాడ్తది, ఈ ఊర్లె ఆమె మాట ఒక్కటే సాఫ్ వినవడ్తదని. ఇంట్ల నేను చెప్పింది సగం గాలికే పోవు."

"ఎందుకని?"

ఆమె చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

"ఆయనకు చెవులేడియి బిడ్డా? నీకు చెప్పలేదా? బాయిల సప్పుడుకు ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది ఉన్నదంటె ఉన్నది. దవాఖానల మిషిని ఇచ్చిన్రు. పెట్టుకుంటె చెవిటోడంటరని సిగ్గు."

"మరి గోడలు కొట్టి చూసేవాడే!"

"చేతితోని. గట్టిగుంటె కర్ర పట్టిన చెయ్యి జుమ్మంటదట. డొల్లుంటె ఊకనే ఉంటదట."

పదకొండు రోజులు ఆ కప్పు కింద కూర్చున్నాడు. చప్పుడు వింటానన్నాడు, విన్నవాడు లేస్తాడన్నాడు. వినపడదని ఆయనకు తెలుసు. దాచుకోలేక జరిగిందంతా అవ్వకు చెప్పేశాను. ఆమెకు ఒక్క ముక్కా తెలియదు. అన్ని రోజులూ నడకకు పోతున్నానని చెప్పి వచ్చేవాడట. ఆమె లేచి కొంగు నడుముకు బిగించింది.

"నన్ను ఆడికి తీస్కపో."

ఆ సాయంత్రం ఇద్దరం బంగ్లాల రోడ్డున నడిచాం. ఈ ఊళ్ళో యాభై ఏళ్ళ పైగా ఉన్న మనిషి ఆ రోడ్డు మీదకు రావడం అదే మొదటిసారట. సిమెంటు సింహాలనూ వేలాడే బల్బులనూ చూస్తూ, ఏమీ అడక్కుండా నడిచింది. షాపులో శ్రావణి ఆమె కాళ్ళకు దండం పెట్టి, కిటికీ పక్క కొత్త బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అవ్వ తలెత్తి కప్పు వంక చూసింది. కొత్త దూలం ఇంకా పచ్చగా ఉంది.

"గిన్ని దినాలు ఈడ కూసుంటె, లేవమని ఒక్కరన్న చెప్పకపోతిరా?"

శ్రావణి తల వంచుకుంది.

"చెప్పానవ్వా" అన్నాను. "నా మాట వినలేదు."

"వినలేదనకు. నీ మాట ఆయనకు మంచిగ వినవడేది." ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది. "విన్నడు. విని కూడ లేవలే."

కాఫీ వచ్చింది. అవ్వ నురుగు మీది బొమ్మను చూసింది, వేలితో దాన్ని కలిపేసి ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగాక కళ్ళు తుడుచుకుని, శ్రావణిని రెక్క పట్టి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"కూసో బిడ్డా. ఇంట్ల ఆయన మాట్లాడుడు తక్కువ. ఈడ ఏమేం చెప్పిండో మొదటి నుంచి చెప్పు."